ఏడాదిన్నరగా ముఖానికి చక్కెర: నల్గొండ ఎండలో, బోరు నీళ్ళతో నా అనుభవం

ముందే చెప్పేస్తాను. చక్కెర పని చేస్తుంది, కానీ మాస్కులా కాదు. ముఖానికి పట్టించి పావుగంట కదలకుండా కూర్చున్నందువల్ల ఒరిగేదేమీ లేదు. తడి ముఖం మీద అర నిమిషం తేలిగ్గా తిప్పి కడిగేసుకుంటే మాత్రం ముక్కు పక్కన, గడ్డం మీద చేతికి తగిలే గరుకు పోతుంది. ఈ మాత్రం తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో ఎడమ చెంప మీద గోధుమ రంగు మచ్చ ఒకటి భరించాల్సి వచ్చింది.

మాది నల్గొండ. కొండమల్లేపల్లిలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాస్తాను. రోజూ దేవరకొండ బస్సులో రాకపోకలు. వయసు 38. నుదురు, ముక్కు జిడ్డు, చెంపలు పొడి. సాయంత్రం ఇంటికి వచ్చి ముఖం తుడుచుకుంటే తెల్ల రుమాలు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఇంట్లో వాడకానికి బోరు నీళ్ళే. నల్గొండ అనగానే బయటివాళ్ళు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది పళ్ళను, ఎముకలను తినే బాధ. ముఖానికి సంబంధించినంత వరకు మా తగువు నీళ్ళ కాఠిన్యంతోనే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్ళలో సబ్బు నురగ కట్టదు. ఆ లవణాలతో కలిసి తెల్లటి తెట్టుగా మారి చర్మానికి అంటుకుంటుంది. స్నానాల గదిలో బకెట్ అంచున కనిపించే తెల్ల చార లాంటిదే మన ముఖం మీదా ఉంటుందనుకోండి. కడుక్కున్న ఐదు నిమిషాలకే చెంపలు బిగదీసుకుపోయేది అందుకే.

నిరుడు ఉగాదికి మా అక్క కూతురు వచ్చినప్పుడు ఈ చక్కెర వ్యవహారం మొదలైంది. "పిన్నీ, చక్కెర, తేనె, నిమ్మరసం. వారానికి మూడుసార్లు, పావుగంట ఉంచుకుంటే చాలు. పార్లర్‌కు పెట్టే డబ్బులు మిగులుతాయి" అని ఫోనులో వీడియో చూపించింది. మా అత్తమ్మకు మధుమేహం. వంటింట్లో నేను చక్కెర డబ్బా తెరవడం చూసి, "నా టీలో అర చెంచా వేయడానికి చేయి రాదు, ముఖానికి మాత్రం గుప్పెడు పూసుకుంటావా బిడ్డా?" అంది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

ఆ వీడియోలో చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ చాలామంది నోట వింటున్నాను. చక్కెరలో మృతకణాలను వదులు చేసే గ్లైకాలిక్ ఆమ్లం ఉంటుందని, అదే ముఖానికి మెరుపు తెస్తుందని. గ్లైకాలిక్ ఆమ్లం కాస్తో కూస్తో ఉండేది చెరకు రసంలో. ఆ రసాన్ని శుద్ధి చేసి, గడ్డకట్టించి, తెల్లగా చేసి మన డబ్బాలోకి వచ్చేసరికి మిగిలేది దాదాపు అచ్చమైన సుక్రోజ్, అంటే వట్టి తీపి పదార్థం. అందులో ఆమ్లం లేదు. కాబట్టి చక్కెర చేసే పని రసాయనం పని కాదు, రాపిడి పని. చర్మం పైపొరలో రాలడానికి సిద్ధంగా ఉన్న మృతకణాలను చక్కెర పలుకు అంచు తోసేస్తుంది, అంతే. ఇది అర్థమయ్యాక పావుగంట కూర్చోవడం మానేశాను. కదలని పలుకు ఏ పనీ చేయదు.

ఇక పలుకు సంగతి. మా వీధి చివరి కిరాణా కొట్టులో దొరికేది లావు చక్కెర. మొదటి నెలంతా అదే వాడాను. ఒకరోజు అద్దం దగ్గరగా పెట్టుకుని చూస్తే చెంప ఎముక మీద సన్నటి ఎర్ర గీతలు, పిల్లి గీరినట్టు. చక్కెర పలుకుకు మూలలు ఉంటాయి. నిద్ర కళ్ళతో బలంగా రుద్దితే అవి చిన్న కత్తులే. తరువాత మిక్సీలో వేసి ఒక్కసారి తిప్పి ఆపాను. రెండోసారి తిప్పితే మొత్తం పిండి అయిపోయి, నీటి చుక్క తగలగానే కరిగి పాకమవుతుంది. ఒక్క తిప్పు తరువాత టీ జల్లెడలో పోసి ఆడిస్తే జల్లెడలో పెద్ద పలుకులు నిలుస్తాయి, కింద ఇడ్లీ రవ్వ కంటే సన్నగా ఉండేది దిగుతుంది. ఆ దిగినదే ముఖానికి. పైన మిగిలినది మోచేతులకు, మోకాళ్ళకు.

చక్కెరలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అది కరిగిపోవడం. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్ళు సుమారు 200 గ్రాముల చక్కెరను కరిగించుకుంటాయి. తడి ముఖం మీద చక్కెర తిప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచీ పలుకుల మూలలు అరిగి గుండ్రమవుతూ పోతాయి. అర నిమిషానికి వేళ్ళ కింద గరగర తగ్గి జారుడు మొదలవుతుంది. ఇక చాలు అని చర్మమే చెప్పినట్టు ఉంటుంది. ఇంతకు ముందు అక్రోటు పెంకు పొడి కలిపిన ట్యూబు ఒకటి కొన్నాను. ఆ పెంకు నీళ్ళలో కరగదు, ఎంతసేపు రుద్దితే అంతసేపూ గీరుతూనే ఉంటుంది. అదే తేనె ఎక్కువ వేసి పొడి ముఖానికి రాస్తే చక్కెర కూడా అంతే మొండిది. తేనెలో నీళ్ళు ఐదో వంతుకు మించవు కాబట్టి పలుకు అందులో త్వరగా కరగదు. నూనెలో అసలే కరగదు. అందుకే ముందు ముఖం బాగా తడపాలి. ఏ వీడియోలోనూ ఇది గట్టిగా చెప్పడం నేను వినలేదు.

నిమ్మకాయ దగ్గర మాత్రం చేయి కాల్చుకున్నాను. చేయి కాదు, చెంప. నకిరేకల్ నిమ్మకాయలకు మా జిల్లాలో కొదవ లేదు, బుట్టలో ఎప్పుడూ నాలుగు ఉంటాయి. నిరుడు మే నెలలో ఒక ఉదయం సగం కాయ పిండి, చక్కెరతో కలిపి రాసుకుని, కడిగేసుకుని బస్సెక్కాను. నేను కూర్చునేది ఎప్పుడూ ఎడమవైపు కిటికీ దగ్గర. కొండమల్లేపల్లి మాకు నైరుతి దిక్కున ఉంటుంది. అంటే పొద్దున వెళ్ళేటప్పుడు సూర్యుడు ఎడమ పక్క వెనుక నుంచి కొడతాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ మళ్ళీ ఎడమ పక్కకే. కనగల్ దాటేసరికి చెంప చురచుర మొదలైంది. ఉక్కపోత అనుకున్నాను. రాత్రికి ఎర్రగా పొంగింది. మూడు రోజులకు ఎరుపు పోయి గోధుమ రంగు మచ్చ తేలింది. కుడి చెంపకు ఏమీ కాలేదు.

చర్మవ్యాధుల డాక్టర్ చూడగానే "నిమ్మ రాశారా?" అని అడిగారు. నిమ్మ జాతి పండ్లలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయట. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కాలినట్టే అవుతుంది, తరువాత మచ్చ మిగులుతుంది. పైగా చక్కెర పైపొరను అప్పుడే గీకేసి ఉంది. ఆమ్లతను కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, మన చర్మానిది 5 దగ్గర. ఆ కొలతలో ఒక్కో అంకెకు ఆమ్లత పది రెట్లు, అంటే మూడు అంకెలకు వెయ్యి రెట్లు. పులిహోరలోకి పిండే రసాన్ని ఇంత తేలిగ్గా తీసుకున్నానా అనిపించింది. ఆ మచ్చ బోనాలు, వినాయక చవితి చూసి, దసరా ముందు గాని పోలేదు. అప్పటి నుంచి నిమ్మ, బత్తాయి ముఖం దరిదాపులకు రాలేదు. బస్సులో కుడివైపు సీటుకు మారాను. చక్కెర ఏదైనా రాత్రి పూటే. పగలు సన్‌స్క్రీన్ రాయకుండా గడప దాటడం లేదు.

వారానికి మూడుసార్లు అనే లెక్క కూడా తప్పే. చర్మం కింది పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి పడుచు వయసులోనే సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. పండని కాయను కోసినట్టు రెండు మూడు రోజులకోసారి గీకితే కింద ఉన్న లేత పొర బయటపడుతుంది. మచ్చ తగ్గాక కూడా కొన్నాళ్ళు నేను అదే చేసి, మామూలు నీళ్ళు తగిలినా ముఖం మండే స్థితికి తెచ్చుకున్నాను. ఇప్పుడు పది రోజులకోసారి, అది కూడా చెంపలు వదిలేసి.

వానాకాలంలో కొబ్బరినూనె కలిపి చూశాను. రెండు వారాలకు నుదుటి మీద ఆవగింజల్లాంటి పొక్కులు వరుస కట్టాయి. నూనె మానేశాక తగ్గాయి. కలిపిన మిశ్రమం గిన్నెలో మిగిల్చి స్నానాల గదిలో పెట్టిన రాత్రి చీమలు జాలారి నుంచి పడకగది దాకా బారులు తీరాయి. ఆ సంగతి ఇంట్లో ఇంకా మరిచిపోలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. రాత్రి ముఖం కడుక్కుని తుడుచుకోను. జల్లెడ పట్టిన చక్కెర చిన్న చెంచాడు, తేనె పావు చెంచా, నీళ్ళు నాలుగు చుక్కలు అరచేతిలోనే కలుపుతాను, గిన్నె అక్కర్లేదు. ఉంగరపు వేలితో ముక్కు, గడ్డం, నుదురు మీద చిన్న సున్నాలు చుడతాను. ఉంగరపు వేలు ఎందుకంటే దానికి బలం తక్కువ. ముప్పై అంకెలు లెక్కపెట్టి కడిగేస్తాను. ఆఖరి కడుగుడుకు బోరు నీళ్ళు కాకుండా తాగే నీళ్ళు ఒక చెంబు. సబ్బు ముట్టుకోను. తడి ఆరకముందే మాయిశ్చరైజర్. కనుబొమలు తీయించుకున్న రోజు, ఆ మర్నాడు చక్కెర జోలికి వెళ్ళను. ఒకసారి వెళ్ళాను, కన్నీళ్ళు వచ్చాయి.

ఫలితం ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మర్నాటి ఉదయం ముక్కు నున్నగా ఉంటుంది, పొడి పొట్టు లేవదు, ఆ నునుపు నాలుగైదు రోజులు నిలుస్తుంది. ముక్కు మీది నల్ల చుక్కలు పలచబడతాయి, వారంలో మళ్ళీ వస్తాయి. బుగ్గల మీది మంగు ఇసుమంత కూడా తగ్గలేదు. రంగు తేలడం లాంటివి ఏవీ జరగలేదు. జరిగిందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

మరి సున్నిపిండి ఉండగా ఇదెందుకు అని మా అమ్మ అడుగుతుంది. నిజమే. ఎండాకాలంలో నేను దానికే ఓటు వేస్తాను. పెసరపిండి జిడ్డు పీల్చుకుంటుంది, పలుకు మెత్తన. కానీ చలికాలంలో సున్నిపిండి నా ముఖాన్ని ఎండగొడుతుంది. అప్పుడు తేనె, చక్కెర నయం. అన్నిటికన్నా మంచి ఫలితం ఇచ్చింది పెదవులకు. సంక్రాంతి చలికి పగిలిన పెదవుల మీద చిటికెడు చక్కెర, రెండు చుక్కల నెయ్యి, పది అంకెల సేపు తిప్పి తుడిచేసి మళ్ళీ నెయ్యి రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి పొట్టు ఉండదు. పగిలి రక్తం కనిపిస్తే మాత్రం వట్టి నెయ్యే. మోచేతుల నలుపు అంతగా తగ్గలేదు గాని చీర జరీ పట్టుకోవడం మానేసింది.

ఖర్చు చెప్పుకోవడానికి ఏమీ లేదు. కిలో 45 రూపాయల చక్కెరలో ఒక్కసారికి పట్టేది పావలా విలువైనా చేయదు. డాక్టర్ దగ్గర మచ్చకు పెట్టిన డబ్బు మాత్రం ఏడాది పార్లర్ ఖర్చును దాటింది.

ఈ దసరాకు అక్క కూతురు మళ్ళీ వచ్చింది. బుగ్గల నిండా ఎర్రటి మొటిమలు, కొన్నిటికి చీము. వాటి మీదే చక్కెర రుద్దుతోందట. రుద్దితే పగిలి గుంటలు మిగులుతాయని చెప్పి, మర్నాడే నన్ను చూసిన డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన మందు రాసిచ్చి, చక్కెర పూర్తిగా మానేయమన్నారు. తిరిగి వస్తుంటే ఆటోలో నా ముఖం వంక చూసి, "నీకు మాత్రం ఎలా పడింది పిన్నీ?" అని అడిగింది. ఫోనులో దాచుకున్న నిరుటి మే నెల ఫోటో తీసి చూపించాను.