కొండవీటి చెరువులు చూడండి, ఆ లాడ్జి జోలికి పోకండి

గుంటూరు బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి సంగతి ముందు చెప్పాలి. ఏసీ డబుల్ రూముకి 1,600 ముందే కట్టించుకున్నారు. పొద్దున ఆరున్నరకి కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. కౌంటర్లో అడిగితే "తొమ్మిదికి మోటారు వేస్తాం సార్" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. వేణ్ణీళ్ళ బకెట్టుకి 40 వేరే, దానికి రశీదు లేదు. స్నానం కాందే అమ్మ గడప దాటదు. తొమ్మిదింబావు దాకా ముఖం ముడుచుకుని మంచం మీదే కూర్చుంది. ఆ చుట్టుపక్కల ఎక్కడ దిగినా సరే, కుళాయి తిప్పి చూశాకే డబ్బు కట్టండి.

రెడ్డిరాజుల కొండకోట కొండవీడుకి ఆటో రానూపోనూ 1,200 అయింది, వెయిటింగ్‌తో కలిపి. ఘాట్ రోడ్డు బాగుంది.

వచ్చినవాళ్ళందరూ బురుజుల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోతున్నారు. అసలు చూడాల్సింది చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మీద ఏరు లేదు. పడ్డ వాననే పట్టి ఉంచుకుని 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు ఇక్కడ రాజధాని నిలబెట్టారు. గట్టు రాయి మీద కూర్చుని నీళ్ళు చూశాక గానీ అమ్మ మామూలు మనిషి కాలేదు.

కొండ కింద మెట్ట పొలాలకీ రెడ్డిరాజులు నీళ్ళ ఏర్పాటు చూశారు. వాళ్ళలో ఒకడైన పెదకోమటి వేమారెడ్డి భార్య సూరమాంబ సంతానసాగరం అనే చెరువు తవ్వించిందని 1409 నాటి ఫిరంగిపురం శాసనం చెబుతుంది. ఆ చెరువుకి కొడుకు రాచవేమారెడ్డి జగనొబ్బగండ కాలువ తవ్వించాడు.

దిగాక ఓ రేగడి చేను దగ్గర ఆటో ఆపించాం. గొర్రు తోలుతున్నారు. జడ్డిగంలో, అంటే గొర్రుకుండే విత్తనాల గిన్నెలో, శనగలు పోస్తున్న పెద్దాయన మట్టి తవ్వి అమ్మ చేతిలో పెట్టారు. పైన పొడి, బెత్తెడు లోతున చల్లటి ముద్ద. "ఈ పదును చాలమ్మా, పంట చేతికొచ్చేస్తది" అన్నారు. కాలువలు లేని రోజుల్లో ఈ మెట్ట రైతుకి మట్టిలోని ఆ తేమే దిక్కు. ఆ పదునే లేని ఏడు ఏమయ్యేదో 1832-33 నందన కరువు చూపించింది. గుంటూరు సీమలో లక్షన్నరకి తక్కువ కాకుండా జనం పోయారు. నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళొదిలింది 1967లో. అంతవరకూ ఇక్కడ పడ్డ వానే ఆధారం. అందుకే ఆ పాత చెరువుల్లో పూడిక, ప్లాస్టిక్ సీసాలు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

వెళ్ళేవాళ్ళు అక్టోబరు నెలాఖరులో వెళ్ళండి. చెరువుల్లో నీళ్ళూ ఉంటాయి, చేలల్లో విత్తడమూ చూడొచ్చు. తాగే నీళ్ళు కిందనుంచే పట్టుకెళ్ళండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి.