ఆటోలో అమ్మే గిన్నెల లిక్విడ్ కొనకండి, చేతులు కాలుతున్నాయి

నల్గొండలో గల్లీ గల్లీకి ఆటోకు మైకు కట్టుకుని గిన్నెలు తోమే లిక్విడ్ అమ్ముతున్నారు కదా, ఐదు లీటర్ల తెల్ల క్యాన్, ఆకుపచ్చ రంగు, నిమ్మకాయ వాసన. దయచేసి అది కొనకండి. ఇంట్లో ఉంటే ఇప్పుడే మూత బిగించి పిల్లలకు అందకుండా పెట్టండి.

పెత్రమాసకు, అదే పెద్దల అమావాస్యకు, చుట్టాలంతా మా ఇంటికే వచ్చారు. భోజనాలయ్యాక మటన్ కొవ్వు పేరుకున్న బోళ్లు నల్లా కింద గుట్టపడ్డాయి. అత్తమ్మ ఆ లిక్విడ్‌తో తోమడం మొదలుపెట్టింది. కొవ్వు చిటికెలో వదిలింది. కానీ ఎన్ని నీళ్లు పోసినా చేతుల జారుడు పోలేదు. నానబెట్టిన అల్యూమినియం తపేలాలో సన్నటి బుడగలు లేచి, అడుగంతా నల్లబడింది. రాత్రికల్లా అత్తమ్మ వేళ్ల సందుల్లో తోలు తెల్లగా ఉబ్బి ఊడొచ్చింది. అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది.

లిక్విడ్‌లో కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం ఎక్కువైతే జరిగేది ఇదే. అల్యూమినియాన్ని తినేస్తుంది, చర్మంలోని కొవ్వును సబ్బు చేస్తుంది. ఆ జారుడు అందుకే.

తెల్లారి ఆటో వస్తే ఆపి అత్తమ్మ చేతులు చూపించాను. ఆయన ఆటో కూడా దిగలేదు. "నల్గొండ నీళ్లు గట్లనే ఉంటయమ్మా. ఫ్లోరైడ్ నీళ్లతోని తోమితే చేతులు ఖరాబు కావా? నా సామాను మీద పడ్తరేంది?" అన్నాడు. గల్లీలో అందరి ముందు. మైకు మళ్లీ ఆన్ చేసుకుని వెళ్లిపోయాడు.

డబ్బులు పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఫ్లోరైడ్ అంటే ఏంటో ఈ జిల్లాలో ఎవరికి తెలియదు? ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. మర్రిగూడ వైపు నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడిందంటే ఇక్కడి జనం ఎంత పడ్డారో అర్థం చేసుకోండి. అలాంటి బాధను అడ్డం పెట్టుకుని తన సరుకును కాపాడుకుంటాడా? బోరు నీళ్లు గట్టివైతే సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్ల చార పడుతుంది. ఒక్క పూటలో చేతుల తోలు ఊడదు. అదే నల్లా నీళ్లతో అత్తమ్మ ఎన్నో ఏళ్లుగా తోముతోంది.

క్యాన్ మీద తయారీదారు పేరు, అడ్రస్, నెల, ఎంఆర్‌పీ ఏవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండాలి. లేకుంటే తీసుకోవద్దు. చేతికి మంట పుడితే ధారగా పడే నీళ్ల కింద చాలాసేపు కడగండి, నిమ్మకాయ రుద్దొద్దు, డాక్టరుకు చూపించండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఫిర్యాదు చేస్తున్నాను, క్యాన్, నల్లబడ్డ తపేలా అట్లాగే ఉంచాను. మిర్యాలగూడ, దేవరకొండ వైపు మీవాళ్లుంటే ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి, పండుగ గిన్నెలు అందరి ఇళ్లలో ఉంటాయి.