‘లిఫ్ట్’ అన్నాను, ఆట పోయింది: మూడేళ్ల తర్వాత బారియర్ పీక్స్

‘ఎక్స్‌పెడిషన్ టు ద బారియర్ పీక్స్’ కథ డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్లు పాత్రలై పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడేవాళ్లకు కొత్తేం కాదు. కత్తులూ మంత్రాలూ ఉన్న లోకంలో, కొండల్లో కూలిన అంతరిక్ష నౌక. ఆ ఆటను తయారుచేసినవాళ్లలో ఒకడైన గ్యారీ గైగాక్స్ దీన్ని 1976లో ఒరిజిన్స్ అనే ఆటల మేళా పోటీల్లో ఆడించి, 1980లో పుస్తకంగా తెచ్చాడు. తిరుపతిలో మా మిద్దె మీద మూడేళ్లలో రెండు జట్లతో ఆడించాను. నాకు ప్రాణం దాంతోపాటు వచ్చే బొమ్మల పుస్తకం. వస్తువు పేరు చెప్పకుండా బొమ్మ చూపించాలి, అదేంటో ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

మొదటి జట్టుతో ఈ సంగతి నాకు ఒంటబట్టలేదు. నౌకలో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు దిగే గొట్టం దగ్గరికి వచ్చారు. తొందరలో “లిఫ్ట్ లాంటిది” అనేశాను. అంతే. “కరెంటుందా?” అని ఒకడు, “బటన్ ఎక్కడ?” అని ఇంకొకడు. అప్పటిదాకా దివిటీ పట్టుకుని భయపడుతూ నడిచిన మాంత్రికుడు ఒక్క మాటతో అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ కోసం నిలబడ్డ మనిషైపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే ఎమ్మెస్టీ రాడార్ ఉంది కదా, 1,024 యాంటెనాలు వరసలు తీరి నిలబడి ఉంటాయి. చిన్నప్పుడు ఆ దారిన పోతూ అవ్వ దాన్ని చూపించి “అదో, ఇనప చెరుకు తోట” అనేది. ఆమెకు తెలిసిన మాటతో తెలియనిదాన్ని పట్టుకుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

రెండో జట్టులో మా మేనకోడలు ఉంది, చిత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తలుపులు తెరిచే రంగు కార్డుకు “అరచేతిలో పట్టే నున్నటి పలక, గోరు గీసినా గీత పడదు” అన్నాను, అంతే. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినట్టు నటించి, “ఇది రాజముద్ర మామా, దీన్ని చూస్తే ద్వారపాలకుడు దారి వదలాల్సిందే” అంది. పోయి తలుపుకు చూపించింది. తలుపు దానంతటదే జరిగింది. మిద్దె మీద ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పలకను పసుపు గుడ్డలో చుట్టి మెడలో కట్టుకుని తిరిగింది ఆమె పాత్ర. పుస్తకంలో ఇదెక్కడా లేదు.

పేరు చెప్పకుండా ఇలా వర్ణిస్తే చాలని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఏ రంగు కార్డుకు ఏ తలుపన్న వెతుకులాట మూడో వారానికే విసుగొచ్చింది, సగం తీసేశాను. వస్తువు ఎలా పనిచేస్తుందో పాచికలు వేసి తేల్చే పటాలు కూడా బొమ్మలు ఇచ్చినంత ఉత్కంఠ ఇవ్వలేదు.

మాది వారానికోసారి నిదానంగా ఆడే జట్టు, ఆటంతా తెలుగులోనే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లతో, ఇంగ్లీషులో ఆడిస్తే ఇలాగే పండుతుందో లేదో. పైగా నౌకలోంచి బయటికి తెచ్చుకున్న లేజర్ తుపాకీ ముందు మామూలు కత్తి నిలవదు. మా దాంట్లో ఇంకా నాలుగు దెబ్బల ఛార్జ్ ఉంది. వచ్చే ఆదివారం జట్టు చంద్రగిరి లాంటి కోట మీదికి పోతోంది.