అరకు అద్దాల బోగీ టికెట్ ఏజెంట్‌కి ఇవ్వకండి, మీరే చేసుకోండి

మాది రాయగడ. అమ్మానాన్నల్ని అరకు అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, ఎక్కిద్దామని పోయినేడాది డిసెంబర్‌లో ఒక ఏజెంట్‌ని నమ్మితే వెయిటింగ్ లిస్ట్ చేతిలో పెట్టి కన్ఫర్మ్ అయిపోద్దండీ అన్నాడు, చార్ట్ పడ్డాక టికెట్ దానంతటదే క్యాన్సిల్, అప్పటికే విశాఖలో పిన్నివాళ్ళింట్లో దిగిపోయాం, నాన్న మొహం చూడలేకపోయాను.

ఈసారి నేనే చేశాను. 2024 నవంబర్ నుంచి బుకింగ్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల లెక్క పెట్టుకోకండి, పొద్దున్న 8కి కూర్చోవాలి. పేర్లు, వయసులు ముందురోజే రైల్వే టికెట్ల సైట్ ఐఆర్‌సీటీసీలో మాస్టర్ లిస్ట్‌లో (ప్రయాణికుల వివరాలు దాచుకునే చోటు) పెట్టేసుకోండి, అక్కడే టైమ్ కలిసొస్తది. బోగీకి 44 సీట్లే మరి. శని ఆదివారాలొద్దు, మంగళ బుధవారాలు చూసుకోండి.

ప్రయాణం మాత్రం చాలా బాగుందండీ! శివలింగపురం దాటాక సొరంగం చీకటి, బయటికొస్తే ఒక్కసారిగా లోయంతా వెలుగు, అమ్మ సీటు కిటికీ వైపు తిప్పేసుకుని బొర్రా వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అరకు దగ్గర వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. పైఅద్దంలోంచి ఎండ పడుతుంది, పెద్దవాళ్ళకి టోపీ పెట్టండి. తిరిగి విశాఖ రాకుండా కోరాపుట్ మీదుగా ఇంటికొచ్చేశాం.