డేటాబేస్ సర్వర్‌కి బోర్డు కొంటున్నారా? డబ్బా మీద ‘ఈసీసీ సపోర్ట్’ అని ఉంటే సరిపోదు

డేటాబేస్ సర్వర్‌కి ప్రాసెసర్, మదర్‌బోర్డు విడిగా కొని బిగించుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మా పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ కోసం ఒక డెస్క్‌టాప్ బోర్డు, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్, ఈసీసీ మెమరీ తీసుకున్నాం. మెమరీలో ఒక బిట్ తప్పితే దానంతటదే సరిదిద్దుకునే ఈసీసీ తప్పనిసరిగా ఉండాలని అమ్మేవాళ్లకు ముందే చెప్పాం. ‘ఉంది సార్, డబ్బా మీదే రాసుంది’ అన్నారు. చూశాం, రాసే ఉంది.

ఐదు నెలలకు అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్. ఒక బిల్లు నంబరు కొడితే బిల్లు వస్తోంది కానీ, అందులో నంబరు వేరేగా కనిపిస్తోందట. చూస్తే చివర 1 ఉండాల్సిన చోట 9 ఉంది. పోనీ 9తో వెతుకుదామంటే ఏమీ రావడం లేదు. అంటే ఇండెక్స్‌లో (వెతకడానికి డేటాబేస్ విడిగా ఉంచుకునే సూచికలో) 1, అసలు డేటా ఉండే టేబుల్‌లో 9. ఎవరైనా మార్చారేమోనని ఆడిట్ లాగ్ అంతా గాలించాం. ఎవరూ ముట్టుకోలేదు. ఆ టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి ఆ రెండు అంకెల కోడ్‌నీ బైనరీలో పక్కపక్కన రాసి చూస్తే అర్థమైంది. 1 అంటే 00110001, 9 అంటే 00111001. తేడా ఒకే ఒక్క బిట్.

చెక్‌సమ్‌లు, అంటే డేటా చెడిందో లేదో తెలియడానికి డేటాబేస్ ఒక్కో పేజీకి (డేటా ముక్కకి) కట్టే లెక్కలు, ఆన్‌లోనే ఉన్నాయి, మరి ఎందుకు పట్టుకోలేదు? పేజీని డిస్కుకు రాసేటప్పుడు చెక్‌సమ్ లెక్కకడుతుంది. బిట్ అంతకుముందే, పేజీ మెమరీలో ఉండగానే మారిపోయింది. అదే పేజీలో ఇంకేదో వరుస అప్‌డేట్ అయి పేజీ డిస్కుకు వెళ్లేటప్పుడు, తప్పు డేటా మీదే సరిగ్గా చెక్‌సమ్ పడింది. తర్వాత తీసిన ప్రతి బ్యాకప్‌లోనూ అదే 9.

రాత్రంతా మెమ్‌టెస్ట్ (మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్) నడిపితే ఒక మాడ్యూల్ (మెమరీ పలక) చెడిపోయిందని తేలింది. మరి ఈసీసీ ఏమైంది? బోర్డు మాన్యువల్ తీసి చదివాం. మెమరీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఈసీసీ మాడ్యూల్స్ పెట్టవచ్చు, కానీ ఈసీసీ లేని పద్ధతిలోనే పనిచేస్తాయి. పైగా మేం కొన్న ప్రాసెసర్‌కి కూడా ఈసీసీ లేదు. అమ్మినవాళ్లను అడిగితే బోర్డు బాగానే పనిచేస్తోంది కాబట్టి వెనక్కి తీసుకునేది లేదన్నారు. ‘డీడీఆర్5 బోర్డుకు మారండి, అందులో ఈసీసీ చిప్‌లోనే ఉంటుంది’ అని సలహా కూడా ఇచ్చారు.

ఈ మాట మాత్రం నమ్మకండి. డీడీఆర్5 అంటే డీడీఆర్4 తర్వాతి తరం మెమరీ; దాని చిప్ లోపలి ఈసీసీ ఆ చిప్ వరకే కాపలా. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో తప్పు జరిగితే అది చూడదు, లోపల ఎన్ని తప్పులు సరిదిద్దిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పదు. మనకు కావాల్సింది ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ చేసే తనిఖీ. దానికి మాడ్యూల్‌లో అదనపు బిట్లు ఉండాలి. డీడీఆర్4లో అయితే 64 డేటా బిట్లకు మరో 8 కలిపి 72. ప్రాసెసర్, బోర్డు, బయోస్ (బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్), మాడ్యూల్ నాలుగూ కలిస్తేనే ఇది నడుస్తుంది. ఉదాహరణకు ఇంటెల్ 12వ తరం డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్లనే చూడండి. వాటిలో ఈసీసీ ఉన్న మోడల్‌కి డబ్ల్యూ680 చిప్‌సెట్ (ప్రాసెసర్‌కి తోడుగా బోర్డు మీద ఉండే చిప్) బోర్డు మీద ఈసీసీ వస్తుంది, అదే ప్రాసెసర్‌ని జెడ్690 మీద పెడితే రాదు. కాబట్టి మాన్యువల్ ముందే డౌన్‌లోడ్ చేసి, మీ ప్రాసెసర్ మోడల్ నంబరుతో సరిచూసుకోండి. అమ్మేవాళ్లను ‘ఈసీసీ ఉందా’ అని కాదు, ‘ఈ ప్రాసెసర్‌తో ఈ బోర్డు మీద తప్పులు సరిదిద్దుతుందా’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బిగించాక లినక్స్‌లో ఈడాక్ (మెమరీ తప్పుల్ని లెక్కపెట్టి చూపించే) డ్రైవర్ లోడ్ అయిందో లేదో, దాని కింద మెమరీ కంట్రోలర్ కనిపిస్తోందో లేదో చూడండి. డీఎంఐడీకోడ్ అనే కమాండ్‌లో 72 కనిపించిందని ఆగిపోవద్దు. అది ఫర్మ్‌వేర్ రాసిపెట్టిన వివరాన్నే చదివి చూపిస్తుంది.

అదే బోర్డులో ఇంకో చిక్కు. డిస్కులు పెట్టే రెండు ఎం.2 స్లాట్లలో ఒకటే నేరుగా ప్రాసెసర్‌కి వెళ్తుంది. రెండోది చిప్‌సెట్ గుండా, నెట్‌వర్క్ పోర్టు వాడే దారిలోనే వెళ్తుంది. రెండు డిస్కుల్నీ మిర్రర్ చేశాం, అంటే ప్రతి రాతా రెండింటిలోనూ పడాలి, కాబట్టి బ్యాకప్ నెట్‌వర్క్ మీద వెళ్తున్నంతసేపూ కమిట్‌లు (మార్పుల్ని డేటాబేస్ ఖరారు చేయడం) నెమ్మదించేవి. మాన్యువల్‌లో బ్లాక్ డయాగ్రమ్ (ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే బొమ్మ) ఉంటే ఏ స్లాట్ ఎక్కడికి పోతుందో కొనేముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు సర్వర్ బోర్డు, దానికి తగిన ప్రాసెసర్ పెట్టాం. మూడో వారంలో ఈడాక్ లెక్కలో ఒక తప్పు సరిదిద్దినట్టు నమోదైంది, మర్నాడు ఇంకో రెండు. ఏ స్లాట్‌లోని మాడ్యూలో కూడా చూపించింది. ఆ రాత్రే సర్వర్ ఆపి దాన్ని మార్చాం. పాత బోర్డు నడిచిన ఐదు నెలల బిల్లుల్ని మాత్రం అకౌంట్స్ వాళ్లు ఇంకా కాగితాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూస్తున్నారు.