చెల్లు వేయించుకోవాలా, నోటు తిరగరాయించుకోవాలా?

ప్రాంసరీ నోటుకు మూడేళ్లు నిండొస్తున్నాయంటే అప్పిచ్చినవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు, రాసిన తేదీ నుంచి మూడేళ్లు. దాటితే కాలదోషం పట్టినట్టే. అందుకని కొందరు నోటు వెనక చెల్లు (కొంత కట్టినట్టు బాకీదారు రాత) వేయించుకుంటారు, కొందరు ఏకంగా కొత్త నోటు రాయించుకుంటారు. రెండూ ఒకటేలే అనుకుంటే మాత్రం కోర్టులో దొరికిపోతారు.

గడువు ఇంకా ఉందా? అయితే నా ఓటు చెల్లుకే. బాకీదారు వెయ్యి రూపాయలిచ్చి, నోటు వెనక "ఈ నోటు వడ్డీ బాపతు రూ.1,000 ఈ రోజు చెల్లించాను" అని తేదీ వేసి సంతకం పెడితే చాలు, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ రాత అతని చేతిరాతైనా కావాలి, కింద అతని సంతకమైనా ఉండాలి. మీ డైరీలో మీరు రాసుకున్న జమ దీనికి పనికిరాదు. ఫోన్‌పేలో వేశాడుగా అని ఊరుకుంటే డబ్బు వచ్చినట్టు రుజువుంటుంది గానీ, గడువు పెరగడానికి కావలసిన రాత ఏదని అవతలి లాయరు అడుగుతాడు. చేతిలో డబ్బు లేకపోతే బాకీ ఉన్నానని రాసి సంతకం చేసినా సరిపోతుంది, "ఇప్పుడు ఇవ్వను" అని పక్కనే రాసినా సరే.

అప్పు తీసుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తే తిరగరాత ఖరీదైన వ్యవహారం. రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడేళ్లు ఏమీ కట్టలేదనుకోండి. వడ్డీయే 1,44,000. దాన్ని అసలులో కలిపి 3,44,000కు కొత్త నోటు రాస్తే, అదే రేటున నెలకు 4,000 ఉన్న వడ్డీ కాస్తా 6,880 అవుతుంది. అప్పిచ్చినవాళ్లకు తిరగరాత మీద మోజు ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రాయక తప్పకపోతే పాత నోటు అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి, లేదంటే రెండు నోట్లకూ జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

గడువు దాటిపోయిందా, కథ మారిపోతుంది. అప్పుడు చెల్లు వేసినా, "బాకీ ఉన్న మాట నిజమే" అని రాసినా పాత గడువు లేచి రాదు. తిరగరాతే దిక్కు. కానీ కొత్త నోటు రాసే రోజున కొత్తగా పైసా ఇవ్వలేదు కదా, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు కదా అంటారు. నిజమే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ అనేది అదే, అయితే మినహాయింపు కూడా అందులోనే ఉంది: కాలదోషం పట్టిన బాకీని మొత్తంగా గానీ కొంత గానీ చెల్లిస్తానని రాసి సంతకం చేస్తే, ప్రతిఫలం లేకపోయినా ఆ మాట చెల్లుతుంది. నోటిమాట కుదరదు.

ఇక్కడ చాలామంది పాత అలవాటు కొద్దీ "ఈ రోజు నగదు ముట్టినది" అని రాయించేస్తారు. అది అబద్ధం, పైగా ప్రమాదం. నోటు మీద సంతకం రుజువైతే ప్రతిఫలం ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని చూపించాల్సింది బాకీదారే. కానీ ఆ రోజు నగదు ఇవ్వలేదని మీ నోటితోనే చెప్పించగలిగితే అతని పని సగం అయిపోయినట్టే. ఫలానా తేదీ నోటు తాలూకు బాకీ అని ఉన్నదున్నట్టు రాయించండి.

రెవెన్యూ స్టాంపు మరిచిపోవద్దు. స్టాంపు లేని ప్రాంసరీ నోటును తర్వాత పెనాల్టీ కట్టి సాక్ష్యంలోకి తేవడం కుదరదు. ఇద్దరు కలిసి తీసుకున్న అప్పయితే చెల్లు మీదైనా కొత్త నోటు మీదైనా ఇద్దరి చేతా సంతకం పెట్టించండి, ఒకరు పెట్టినంత మాత్రాన రెండోవారిని పట్టుకోలేరు.