మట్టి కొండా, కర్ర నీడా?
భూగోళ పాఠాన్ని చేతులతో నేర్పదలచిన ఉపాధ్యాయులకు రెండు మంచి దారులున్నాయి. మట్టి కొండను పళ్ళెంలో నిలిపి, నీటిని ఒక్కో సెంటీమీటరు పెంచుతూ, ప్రతిసారీ నీటి అంచు వెంట పుల్లతో గీత గీయిస్తే, వాలు నిటారుగా ఉన్నచోట కాంటూరు రేఖలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) ఎందుకు దగ్గరపడతాయో పైనుంచి చూసే పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. చిన్న తరగతులకు ఇదే తగినది.

నిలువుగా పాతిన కర్ర నీడను కొలవడానికి ఎండా, ఓపికా కావాలి. అయితే గణితం, చరిత్ర, ఖగోళం కలిసేది అక్కడే: క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో మధ్యాహ్నపు నీడను బట్టి కొలిచిన సుమారు 7.2 డిగ్రీల సూర్యకిరణాల కోణం వృత్తంలో 50వ వంతు కనుక, అదే వేళకు సూర్యుడు నడినెత్తిన ఉండే సయీన్ నగరం వరకు ఉన్న దూరాన్ని 50తో హెచ్చించి భూమి చుట్టుకొలతను అంచనా వేశాడు. పై తరగతులకు నేను నీడనే ఎంచుకుంటాను. అతి పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకు పడకపోతే, ఊరి రేఖాంశాన్ని బట్టి మధ్యాహ్నం ఎలా మారుతుందన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది.